ఫ్రైసెన్ విరామం

ఆ గురువారం ఉదయం డెల్మర్ ఫ్రైసెన్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. ఏడింటికి ప్రయోగశాలకు చేరడం, పదింటికి పెద్దవాళ్ల ఎదుట మీట నొక్కడం, నాలుగింటికి బయటపడి చర్చి వంటగదిలో కారుతున్న కుళాయి సంగతి చూడడం. నోరు తెరవాల్సిన అవసరం ఇందులో ఎక్కడా లేదు. అతని భార్య లవోన్‌కు ఆ పథకంలో బాగా నచ్చింది కూడా అదే.

"నువ్వు మీట నొక్కు. మాట్లాడేదేదో వాళ్లు మాట్లాడుకుంటారు," అంది కాఫీ పోస్తూ. "కంగారుపడితే నీ నోట్లోంచి ఏమొస్తుందో నీకే తెలీదు. మన పెళ్లిలో పాస్టరుగారు పేరడిగితే మీ నాన్న పేరు చెప్పావు."

"నలభై ఏళ్లయింది. ఇంకా మర్చిపోవా?"

"మర్చిపోదామనే ఉంది. చర్చి పుస్తకంలో ఆ కొట్టివేత కనపడుతుంటే ఎలా మర్చిపోను?"

డెల్మర్ వెన్న రాసిన రొట్టెలు రెండు డబ్బాలో పెట్టుకుని బయల్దేరాడు. రోడ్డుకు రెండు పక్కలా మొక్కజొన్న నడుం ఎత్తు పెరిగింది. దాన్ని చూసినా ఆ రోజు అతని మనసు కుదుటపడలేదు.

పడకపోవడానికి కారణముంది. అతను పనిచేసేది ఎల్క్ బెండ్ ఊళ్లో, విశ్వవిద్యాలయం నేలమాళిగలో. పన్నెండో తరగతితో చదువు ఆపి, ధాన్యం గోదాముల్లో వెల్డింగ్ చేసుకుంటున్న మనిషిని పందొమ్మిదేళ్ల కిందట ఎవరో నట్లు బిగించడానికని తీసుకొచ్చి, డాక్టరేట్ల మధ్య వదిలేశారు. అక్కడ జరిగే పనిని అతను బైబిలు తరగతిలో ముసలివాళ్లకు ఇలా వివరించేవాడు: "రెప్పపాటును పది లక్షల కోట్ల ముక్కలు చేయండి. అందులో ఒక్క ముక్కంత సేపు హీలియం వాయువు మీద లేజరు వెలుగు కొడతాం. వాయువు చీలిపోయి ప్లాస్మా అవుతుంది. వెలుగు అందులోంచి మోటారు పడవలా దూసుకుపోతుంది. పడవ వెనక అల లేస్తుందిగా? ఎలక్ట్రాన్లు ఆ అలెక్కి పరిగెడతాయి. పెద్ద యంత్రాలకు ఊరు పొడుగునా సొరంగం కావాలి. మాకు చిటికెన వేలి గోరంత చోటు చాలు."

"అవి ఎక్కకపోతే?" అని ఒక అవ్వ అడిగింది.

"ఎక్కకపోతే నన్ను ఇంటికి పంపించేస్తారు," అన్నాడు డెల్మర్. అందరూ నవ్వారు.

ఇప్పుడది నవ్వులాట కాదు. ప్రయోగశాలను ఇంకో ఐదేళ్లు ఉంచాలా, ఆకులు రాలే వేళకు మూసేయాలా అన్నది తేల్చడానికి ఐదుగురు పరిశీలకులు ఆ రోజే వస్తున్నారు. మూస్తే డాక్టర్లు ఇంకెక్కడికైనా వెళ్లి డాక్టర్లుగానే ఉంటారు. అరవై ఒకటో ఏట, లేజరు మీట నొక్కడంలో ఆరితేరిన మనిషిని ధాన్యం గోదాము వాళ్లు ఏం చేసుకుంటారు?

అయినా అతనికి ఒక ధైర్యం ఉంది. తనది మంచి హస్తవాసి అని ఆ నేలమాళిగంతా ఒప్పుకున్న విషయం. డెల్మర్ నొక్కితే అవతల తెర మీద ఎలక్ట్రాన్ల చుక్క నీలంగా మెరుస్తుంది. అతను సెలవు పెట్టిన రోజున ఇంకెవరు నొక్కినా తెర నల్లగా ఉంటుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు కాబట్టి, ఎవరూ అడగనూ లేదు.

ఎందుకో డెల్మర్‌కు తెలుసు. కనీసం తెలుసనుకున్నాడు. పచ్చదీపం వెలిగాక, మీట నొక్కే ముందు, అతను కళ్లు మూసుకుని నాయనమ్మ నేర్పిన పల్లె జర్మన్‌లో ప్రభువు ప్రార్థన చెప్పుకుంటాడు. అందరి చూపూ తెరల మీద ఉంటుంది గనక అతన్ని ఎవరూ చూడరు. తలుపు మూసుకుని రహస్యంగా ప్రార్థించాలన్నది వాళ్ల సంఘం బోధ కూడాను. అయితే పందొమ్మిదేళ్ల రహస్యంలో బోధ పాలు ఎంత, సిగ్గు పాలు ఎంత అన్నది అతను ఎప్పుడూ విడదీసి చూసుకోలేదు.

ఏడున్నరకు సరిచూసుకోవడానికని ఒకసారి పేల్చాడు. చుక్క మెరిసింది. హమ్మయ్య అనుకుంటుండగా వీపు వెనకనుంచి ఒక సన్నటి గొంతు వినిపించింది.

"ఇప్పుడు మీరు ఏం చేశారు?"

డెల్మర్ కుర్చీలో ఎగిరిపడ్డాడు. వెనక డెబ్బై ఏళ్ల బక్కపలచటి మనిషి, చేతిలో చిన్న పుస్తకం. పరిశీలకుల పెద్ద, డాక్టర్ పెన్‌హాలో. పదింటికి రావాల్సిన మనిషి.

"ఎప్పుడండీ?"

"పచ్చదీపం వెలిగాక. కళ్లు మూసుకున్నారు. పెదాలు కదిలాయి."

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట తప్ప మిగతావన్నీ డెల్మర్ నోటికొచ్చాయి.

"లెక్కపెడుతున్నానండి. సూది... సూది కుదురుకోవాలి కదండీ."

"ఏ సూది?"

డెల్మర్ చెయ్యి అతన్ని అడక్కుండానే లేచి గోడకేసి చూపించింది. గోడ మీద పళ్లెమంత ఇత్తడి మీటరు ఒకటుంది. ఆ నేలమాళిగలో ఒకప్పుడు బాయిలరు ఉండేది. బాయిలరును డెల్మర్ పుట్టకముందే తీసేశారు. మీటరును మాత్రం ఎవరూ విప్పలేదు. దాని వెనక గొట్టం లేదు, గోడే ఉంది.

"ఎంతసేపు ఆగుతారు?"

"ఇరవై ఆరు సెకన్లండీ," అన్నాడు డెల్మర్. ఇది మాత్రం నిజమే కదా అని మనసులో ఒక అర మార్కు వేసుకున్నాడు.

"ప్రతిసారీనా?"

"పందొమ్మిదేళ్లుగానండీ."

పెన్‌హాలో మెచ్చుకోలుగా తలాడించి పుస్తకంలో రాసుకున్నాడు. 

ఎనిమిదిన్నరకు ప్రయోగశాల అధిపతి కోరిన్ ఆబ్రి హడావుడిగా వచ్చింది. డెల్మర్ కన్నా పదేళ్లు చిన్నది, కెనడాలోని క్విబెక్ మనిషి, నడిస్తే పరిగెత్తినట్టుంటుంది. నడవాలో పెన్‌హాలో ఆవిడను ఆపి అభినందించాడు.

"మీ సూది పద్ధతి చూశాను. ఇంత క్రమశిక్షణ ఈ రోజుల్లో అరుదు."

కోరిన్ జీవితంలో ఎన్నడూ పరిశీలకుల ఎదుట 'నాకు తెలియదు' అనలేదు. "ఆ సూదే మాకు ప్రాణమండీ," అంది.

ఆయన అటు వెళ్లగానే డెల్మర్ ఆవిడ వెంటపడ్డాడు. "డాక్టర్, ఆ సూది గురించి ఒక మాట..."

"చెప్పకు," అంది కోరిన్ చెయ్యి అడ్డం పెట్టి. "నువ్వు చెప్తే నాకు ఇందాక తెలీదని నాకు తెలుస్తుంది. ఇప్పుడైతే ఏమీ తెలీకుండా నిజాయితీగా మాట్లాడుతున్నాను. నన్నిలాగే ఉండనియ్యి, డెల్మర్. ఈ ఒక్కరోజు."

డెల్మర్‌కు దిక్కుతోచలేదు. అబద్ధం ఒప్పుకోవడానికి వెళ్తే వద్దనేవాళ్లు ఉంటారని వాళ్ల సంఘం ఎప్పుడూ చెప్పలేదు.

తొమ్మిదింబావుకు ఎమ్రే వచ్చి అతన్ని వాటేసుకున్నంత పని చేశాడు. ఎమ్రే ఇస్తాంబుల్‌లో డాక్టరేటు చేసి వచ్చిన మనిషి. లెక్కలూ బొమ్మలూ అన్నీ అతనివే.

"డెల్మర్ గారూ, మీరు మామూలు మనిషి కాదు! కోరిన్ చెప్పగానే పాత రికార్డులన్నీ తిరగేశాను. మీరు నొక్కినవాటిల్లో నూటికి తొంభై ఒకటి వెలిగాయి. వేరేవాళ్లు నొక్కితే నూటికి పదకొండు. అంతా ఆ ఆగడంలోనే ఉంది!"

"ఎమ్రే, నిజానికి ఆ సూది..."

"తెలుసు, తెలుసు! నాకు మొదట్నుంచీ తెలుసు."

"ఏం తెలుసు?"

ఎమ్రే ఒక్క క్షణం తడబడ్డాడు. "అదే... సూది సంగతి," అని వెళ్లిపోయాడు.

పదింటికి సమావేశం గదిలో తెర మీద పెద్ద అక్షరాలతో 'ఫ్రైసెన్ విరామం' అని పడింది. కింద రెండు నిలువు పట్టీలు: డెల్మర్‌ది తాటిచెట్టంత, మిగతావాళ్లది గడ్డిపోచంత. డెల్మర్ వెనక వరసలో కూర్చుని, తన పేరును తనే చదువుకుని, నేల చీలి తనను మింగితే బాగుండుననుకున్నాడు. నేలమాళిగ గనక అంతకన్నా కిందికి పోవడానికీ పెద్దగా చోటు లేదు. ఇంకో సంగతి ఉంది, అది అతను తర్వాత లవోన్‌కు మాత్రమే చెప్పాడు. ఆ తాటిచెట్టు పట్టీని చూసినప్పుడు సిగ్గుతోపాటు కొంచెం గర్వం కూడా కలిగింది. నూటికి తొంభై ఒకటి! దేవుడు తన మాట ఇంత బాగా వింటున్నాడని ఇన్నాళ్లకు ఎవరో లెక్క తేల్చి చూపించారు.

పరిశీలకుల్లో మిసెస్ టోలెఫ్సన్ అనే ఆవిడ భద్రత వ్యవహారాలు చూస్తుంది. ఆవిడ చెయ్యెత్తింది.

"ఆ మీటరును చివరిసారి ఎప్పుడు సరిచూశారు?"

"అది డెల్మర్ చూసుకుంటాడు," అంది కోరిన్, ఊపిరి తీసుకోకుండా.

గదిలోని తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"దాన్ని మేము... అసలు ముట్టుకోమండీ," అన్నాడు డెల్మర్. ఇదీ నిజమే. ఇంకో అర మార్కు.

"అయితే చూద్దాం పదండి," అని ఆవిడ లేచింది.

ఎనిమిది మంది మీటల గదిలో ఇరుక్కుని ఇత్తడి మీటరు ముందు నిలబడ్డారు. సూది నలభై దగ్గర ఉంది. అది తుప్పు పట్టి నలభై దగ్గర ఆగిపోయి అరవై ఏళ్లు దాటి ఉంటుంది. మిసెస్ టోలెఫ్సన్ కళ్లజోడు సవరించుకుని, కలం తిరగేసి, అద్దం మీద మెల్లగా ఒక్కసారి తట్టింది.

టిక్‌మని సూది ఊడి అద్దం అడుగున పడింది.

ఎనిమిది తలలూ ఆ సూది మీదికి వంగాయి.

"కుదురుకుంది," అన్నాడు ఎమ్రే.

కోరిన్ అతని పాదం తొక్కింది. పెన్‌హాలో వంగి మీటరు వెనక్కి చూశాడు, గోడను వేలితో తాకాడు, పుస్తకం తీసి ఇందాక రాసుకున్నది చదువుకున్నాడు.

"సరే. ఆగకుండా ఒకసారి నొక్కండి. పచ్చదీపం వెలిగిన వెంటనే."

డెల్మర్ నొక్కాడు. తెర నల్లగా ఉంది.

"మళ్లీ."

నలుపు.

"ఇప్పుడు మీ పద్ధతిలో."

డెల్మర్ కళ్లు మూసుకున్నాడు. ఇంత మంది చూస్తుండగా ప్రార్థన చెప్పుకోవడం అతనికి ఇదే మొదటిసారి. సగంలో తడబడి వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. నొక్కాడు. నీలం చుక్క కొత్త పెళ్లికూతురి ముక్కుపుడకలా మెరిసింది.

"విచిత్రం," అన్నాడు పెన్‌హాలో. "సూది లేదు. అయినా అది కుదురుకునేదాకా ఆగాలి. ఎందుకు, మిస్టర్ ఫ్రైసెన్?"

ఇక దాచడానికి డెల్మర్ దగ్గర గోడ కూడా మిగల్లేదు.

"నేను అబద్ధం చెప్పానండి," అన్నాడు లేచి నిలబడి. "సూదీ లేదు, లెక్కా లేదు. ప్రార్థన చేసుకుంటానండి. డాక్టర్‌కు గానీ ఎమ్రేకు గానీ ఏమీ తెలీదు. తప్పు నాది. నా తప్పుకు ప్రయోగశాలను మూసేయకండి."

కోరిన్ అతని వైపు తిరిగింది. "పందొమ్మిదేళ్లా?"

"ఊఁ."

"ప్రతి షాటుకూ?"

"ఊఁ. మీరు మీ అమ్మగారిని చూడ్డానికి వెళ్లినప్పుడు మీ విమానానికి విడిగా."

కోరిన్ ముఖం తిప్పుకుని, ఏమీ వేలాడని గోడ మీద మీటర్లు సరిచూసిన తేదీల పట్టిక వెతకసాగింది.

పెన్‌హాలో మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. కలం మూత తీశాడు. "ఏ భాషలో?"

"మా నాయనమ్మ వాళ్ల జర్మన్‌లోనండి. ఇంగ్లీషులో అయితే ఇరవై రెండులో అయిపోతుంది."

"ఎమ్రే, మీరు కూర్చోండి. ఇరవై ఆరు సెకన్లు ఆగి నొక్కండి. ప్రార్థన చేయకండి."

"మరి ఏం ఆలోచించను?"

"మీ ఇష్టం."

ఎమ్రే వాళ్లమ్మకు చేయాల్సిన ఫోను గురించి ఆలోచిస్తానన్నాడు. ఇరవై ఆరో సెకనుకు నొక్కాడు. చుక్క అంతే నీలంగా, అంతే ముచ్చటగా మెరిసింది.

డెల్మర్‌కు ప్రయోగశాల నిలబడేలా ఉందని సంతోషించాలో, తన ప్రార్థనకు బదులు ఎమ్రే వాళ్లమ్మ ఫోను కూడా సరిపోయిందని ఏడవాలో తెలియలేదు. పది సెకన్లకు నొక్కితే నలుపు. పదిహేనుకు మసక. ఇరవైకి వెలుగు.

"ఏదో నిండుతోంది," అన్నాడు పెన్‌హాలో. "వాయువు సీసా ఎప్పుడు తెరుచుకుంటుంది?"

"భద్రత కోసం, పచ్చదీపం వెలిగాకే," అన్నాడు ఎమ్రే. అన్నాక నోరు అలాగే తెరిచి ఉంచాడు. పచ్చదీపం లేజరు సిద్ధమైందని చెబుతుంది, అంతే. వాయువు వచ్చి చేరిందో లేదో ఆ దీపానికి ఏం తెలుసు? పూర్తిగా నిండని వాయువులో అల లేవదు, అల లేవనిదే ఎలక్ట్రాన్లు ఎక్కవు.

"కానీ సీసా అక్కడే ఉందిగా," అంది కోరిన్. "మూరెడు దూరం. మూరెడు గొట్టం నిండడానికి ఇరవై సెకన్లా?"

లోపలికి వెళ్లి యంత్రం పక్క పలక విప్పారు. విప్పింది డెల్మరే. సీసా నుంచి బయల్దేరిన సన్నటి ఉక్కు గొట్టం మూరెడు దూరం వెళ్లడానికి ముందు లోపల చుట్టలు చుట్టుకుని, పాముల పుట్టలా, నలభై అడుగులు తిరిగి వస్తోంది. చుట్టకు చిన్న కాగితం చీటీ కట్టి ఉంది. మిసెస్ టోలెఫ్సన్ దాన్ని పైకి చదివింది.

"తాత్కాలికం. సోమవారం కత్తిరించాలి. డె. ఫ్రై."

పెన్‌హాలో చీటీ మీది తేదీ చూశాడు. పందొమ్మిదేళ్ల కిందటిది.

"ఏ సోమవారం అనుకున్నారు?" అని అడిగాడు మర్యాదగా.

భోజనాల వేళ డెల్మర్ కారులో కూర్చుని లవోన్‌కు ఫోను చేశాడు. జరిగిందంతా చెప్పాడు. అవతల ఆవిడ నవ్వు ఆపుకుంటోందని అతనికి తెలుసు.

"అంటే నేను ఇన్నేళ్లూ చేసింది ప్రార్థన కాదు, లవోన్. నేను తగిలించిన గొట్టం నిండేదాకా కాలక్షేపం. ఆయన వింటున్నాడని గర్వపడ్డాను కూడా."

"ఆ ప్రార్థనలో రోజూ ఏం అడుగుతావు?"

"నీకు తెలీనిదేముంది? ఆ రోజుకు రొట్టె. చేసిన తప్పులకు క్షమాపణ."

"మరి? ఇన్నేళ్లూ రొట్టె దొరికింది. తప్పేదో తెలీకుండానే రోజూ క్షమించమని అడిగావు. ఇంతకన్నా ఆయన ఏం వినాలి?" అంది లవోన్. ఆపైన ఆపుకోలేక నవ్వేసింది. "నీ గొట్టం సంగతి తెలిసే నీకు పొడుగు భాష ఇచ్చి ఉంటాడు. ఇంగ్లీషులో అయితే ఇరవై రెండే, ఇంకొంచెం తొందరపడితే తెర నల్లబడేది."

డెల్మర్‌కు ఆ వాదన పూర్తిగా నచ్చలేదు. కానీ దానిలో తప్పెక్కడుందో కూడా దొరకలేదు. రెండో రొట్టె తినేసి లోపలికి వెళ్లి గొట్టం కత్తిరించాడు. ఇరవై నిమిషాల పని.

రెండింటికి ఎమ్రే పచ్చదీపం వెలగగానే నొక్కాడు. చుక్క మెరిసింది. కోరిన్ నొక్కింది, మెరిసింది. మిసెస్ టోలెఫ్సన్ కూడా ముచ్చటపడి నొక్కింది. మెరిసింది. ప్రతి చుక్కతోనూ డెల్మర్ హస్తవాసి కొంచెం కొంచెంగా కరిగి, నాలుగో చుక్కకు పూర్తిగా అయిపోయింది. అతను మూల స్టూలు మీద కూర్చుని, ఎవరి చెయ్యి అయినా ఒకటే అయినప్పుడు ఈ చేతితో వీళ్లకేం పని అనుకున్నాడు.

"ఆఖరుది," అన్నాడు పెన్‌హాలో. "నివేదికలోకి వెళ్లే షాటు ఇదే. మిస్టర్ ఫ్రైసెన్, మీరు."

డెల్మర్ కుర్చీలో కూర్చున్నాడు. పచ్చదీపం వెలిగింది. వేలు మీట మీదికి వెళ్లి ఆగింది. ఇప్పుడు ఆగడానికి ఏ కారణమూ లేదు. ఆగితే మళ్లీ నవ్వులపాలు. వెంటనే నొక్కితే ఏదో ఎగ్గొట్టినట్టు. అతను తేల్చుకోలేక ఉండగా వెనక ఒక కలం మూత పడిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఓరగా వెనక్కి చూశాడు. పెన్‌హాలో చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. మిసెస్ టోలెఫ్సన్ కళ్లజోడు తీసేసింది. ఎమ్రే పైకప్పు కేసి చూస్తూ వేళ్లు మడుస్తున్నాడు.

"తొందరేం లేదు," అంది కోరిన్ మెల్లగా.

డెల్మర్ కళ్లు మూసుకున్నాడు. ఈసారి తడబడలేదు. ఇరవై ఆరో సెకనుకు నొక్కాడు. చుక్క మెరిసింది, ఎమ్రే చుక్క ఎంత మెరిసిందో సరిగ్గా అంతే.

మూడు వారాలకు నివేదిక వచ్చింది. ఇంకో ఐదేళ్లు ఇచ్చారు. చివరి పేజీలో, గొట్టాన్ని సరిచేసినప్పటికీ ఇరవై ఆరు సెకన్ల విరామాన్ని యథాతథంగా కొనసాగించాలనీ, దాని కారణంపై ఇకమీదట ఎలాంటి పరిశోధనా అవసరం లేదనీ ఉంది.